యమునోత్రి తప్తకుండం: కొండెక్కడం కన్నా చీర మార్చుకోవడమే కష్టం

ఉత్తరాఖండ్ కొండల్లోని యమునమ్మ గుడికి, అదే యమునోత్రికి వెళ్ళొచ్చామని తెలిసినప్పటి నుంచీ ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే, "ఎక్కడం కష్టమా?" అని. కష్టమే. కానీ ఆ కష్టం గురించి అందరూ ముందే చెబుతారు, మనమూ దానికి సిద్ధపడే బయల్దేరతాం. స్నానం సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. తప్తకుండంలో, అంటే గుడి దగ్గరున్న వేడినీళ్ళ గుండంలో, హాయిగా మునిగొచ్చాం అంటారు, అక్కడితో ఆపేస్తారు. మునిగాక తడి చీరతో ఆ చలిలోకి ఎలా వచ్చారు, ఎక్కడ మార్చుకున్నారు, ఎంతసేపు వణికారు, ఇవేవీ చెప్పరు. నేను వెళ్ళేముందు పది మందిని అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. అందుకే వరసగా రాస్తున్నాను. ముఖ్యంగా పెద్దవాళ్ళని తీసుకెళ్ళే ఆడవాళ్ళ కోసం.

వెళ్ళింది ముగ్గురం. మా వారు, నేను, అత్తయ్యగారు. అత్తయ్యగారిది తణుకు, వయసు అరవై ఏడు. బీపీకి మాత్ర వేసుకుంటారు, మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు పట్టేస్తుంది. 2024 దసరా సెలవుల్లో యమునోత్రి, గంగోత్రి రెండూ చూసి రావాలని అనుకున్నాం. వేసవిలో వెళ్దామని ఆవిడ మొదట్లో పట్టుబట్టారు గానీ, ఆ ఏడాది మే 10న, అక్షయ తృతీయ నాడు గుడి తెరిచినప్పుడు ఆ ఇరుకు దారిలో జనం గంటల తరబడి కదలకుండా నిలబడిపోయిన వీడియోలు చూపించాక ఇక మాట్లాడలేదు.

సెప్టెంబరు రెండో వారంలో రిజిస్ట్రేషన్ చేసుకున్నాం. ఇది తప్పనిసరి, కానీ మేం వెళ్ళినప్పుడు ఉచితం. ఉత్తరాఖండ్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆధార్ వివరాలు, ఫోన్ నంబరు, ఏ క్షేత్రానికి ఏ తేదీన వెళ్తామో ఇవ్వాలి. అరగంట పని. కారు మాట్లాడుకోవడానికి ఫోన్ చేస్తే ఒక ట్రావెల్స్ ఆయన ఇదే పనికి మనిషికి మూడు వందలు అడిగాడు, పైగా "తేదీలు దొరకడం కష్టం మేడమ్" అని భయపెట్టాడు. అక్టోబరులో తేదీలు బోలెడు ఉన్నాయి. చివర్లో క్యూఆర్ కోడ్‌తో ఒక కాగితం వస్తుంది. దాన్ని ఫోన్‌లో పెట్టుకుని ఊరుకోకుండా రెండు ప్రింట్లు తీసి ఉంచుకోండి. దారిలో బర్కోట్ అనే ఊరు దాటే దగ్గర చెక్‌పోస్టులో అడిగినప్పుడు మా ఫోన్‌లలో సిగ్నల్ లేదు, కాగితమే ఆదుకుంది.

బయల్దేరే ముందు అత్తయ్యగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఎత్తు గురించి, గుర్రం గురించి ఏదో చెబుతారనుకుంటే ఆయన ఎక్కువగా మాట్లాడింది వేడినీళ్ళ గురించే. వేడికి రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది, ఆ సమయంలో గబుక్కున లేచి నిలబడితే కళ్ళు తిరుగుతాయి, అసలే బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి అన్నారు. అయిదు నిమిషాలు చాలు, లేచాక గట్టు మీద కూర్చోబెట్టండి, వెంటనే నడిపించకండి అన్నారు. ఈ మాట పైకెళ్ళాక ఎంత పనికొచ్చిందో చెబుతాను.

అక్టోబరు 5, శనివారం. హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్‌కి విమానం, అక్కడి నుంచి కారు. కారుకి రోజుకి 4,500 మాట్లాడుకున్నాం, డ్రైవర్ భోజనం, బస అతనివే. ముస్సోరీ, కెంప్టీ జలపాతం దాటి కిందికి దిగితే యమున వంతెన వస్తుంది. అక్కడి నుంచి నైన్‌బాగ్, డామ్టా, నౌగావ్ మీదుగా బర్కోట్ దాకా దారి యమున పక్కనే. ఢిల్లీలో నురగలు కక్కే యమునని చూసినవాళ్ళకి ఈ ఆకుపచ్చ నీళ్ళు అదే నది అంటే నమ్మబుద్ధి కాదు. మలుపులకి మా వారికి రెండుసార్లు వాంతులు. అత్తయ్యగారు మాత్రం నిమ్మకాయ వాసన చూస్తూ నిబ్బరంగా కూర్చున్నారు. బర్కోట్ చేరేసరికి రాత్రి ఏడున్నర.

మర్నాడు జానకీచట్టి. బర్కోట్ నుంచి దూరం 45 కిలోమీటర్ల లోపే, కానీ మాకు రెండున్నర గంటలు పట్టింది. దారిలో ఊళ్ళ పేర్లన్నీ చట్టిలే: స్యానాచట్టి, రాణాచట్టి, హనుమాన్‌చట్టి, ఫూల్‌చట్టి. ఒకప్పుడు రోడ్డు హనుమాన్‌చట్టితోనే ఆగిపోయేదట, అక్కడి నుంచే నడక. ఇప్పుడు జానకీచట్టి దాకా కారు వెళ్తుంది కాబట్టి నడక ఆరు కిలోమీటర్ల లోపుకి తగ్గింది.

ఆ పూటే కొండెక్కేద్దామని మా వారు తొందరపడ్డారు. నేనే వద్దన్నాను. జానకీచట్టే దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. మెట్లెక్కి గదిలోకి వెళ్ళేసరికే ఆయాసం వచ్చింది. ఒక రాత్రి అక్కడ పడుకుని ఒంటిని అలవాటు చేసుకున్నాకే ఎక్కడం మంచిది. మధ్యాహ్నం నది అవతల ఉన్న ఖర్సాలీ ఊరికి మెల్లగా నడిచి వెళ్ళాం. చలికాలమంతా యమునమ్మ విగ్రహాన్ని ఉంచేది ఆ ఊళ్ళోనే. అక్కడ రాయి, కలప కలిపి అంతస్తులుగా కట్టిన శనీశ్వరుడి గుడి ఉంది. యముడు, యమున, శని ముగ్గురూ సూర్యుడి పిల్లలే కదా, చెల్లెలిని పైనుంచి దింపి తీసుకురావడానికి ఏటా అన్నగారి పల్లకీ ఇక్కడి నుంచే వెళ్తుందని పూజారి చెప్పాడు. పైన గుడి మూసేది దీపావళి వెళ్ళిన విదియ నాడు. అది వినగానే అత్తయ్యగారు, "మన భగినీహస్త భోజనం రోజే కదా అమ్మాయ్! యముడు చెల్లెలింట్లో భోంచేసిన రోజు" అన్నారు. తణుకులో ఉన్న తమ్ముడికి అప్పటికప్పుడు ఫోన్ చేసి, ఈసారి భోజనానికి తప్పకుండా రావాలని చెప్పేశారు.

ఆ రాత్రి హోటల్ గది 2,000. వేడినీళ్ళు ఇరవై నాలుగు గంటలూ వస్తాయని బోర్డు ఉంది. అడిగితే బకెట్ యాభై రూపాయలన్నారు. నవరాత్రులు కావడంతో కింద ధాబాలో ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండుతున్నారు, అత్తయ్యగారికి అది పెద్ద ఊరట. చలికి, ఎత్తుకి ముగ్గురికీ నిద్ర సరిగ్గా పట్టలేదు. రెండు రజాయిలు కప్పుకున్నా ముక్కు చల్లబడిపోతోంది.

అక్టోబరు 7, సోమవారం. అయిదింటికి లేచి ఆరింటికల్లా గుర్రాల కౌంటర్ దగ్గరికి వెళ్ళాం. నడవలేనివాళ్ళకి అక్కడ మూడు దారులున్నాయి: గుర్రం, నలుగురు మోసే పాల్కీ, ఒక్క మనిషి వీపు మీద బుట్టలో కూర్చోబెట్టి మోసుకెళ్ళే కండీ. కండీ చూడగానే అత్తయ్యగారు రెండు చేతులూ జోడించేశారు. "మనిషి వీపు మీద ఎక్కి దేవుడి దగ్గరికి వెళ్తే ఆ పుణ్యం వాడికే పోతుంది, నాకేం మిగలదు" అన్నారు. పాల్కీ నలుగురికీ కలిపి చాలా ఎక్కువ చెప్పారు. చివరికి గుర్రం. రానూపోనూ 2,500, చీటీ రాసిచ్చారు. ఆ చీటీ కోసం, గుర్రం వచ్చేదాకా కలిపి యాభై నిమిషాలు నిలబడ్డాం.

చీటీలో ఒక సంగతి ఉంటుంది, డబ్బు కట్టే ముందే అడిగి తెలుసుకోండి. గుర్రం అబ్బాయి పైన కొంతసేపే ఆగుతాడు. మావాడు రెండు గంటలన్నాడు, అది దాటితే గంటకి ఇంత అని అదనం. పైన స్నానానికి వరస, పూజకి వరస, ఇవన్నీ కలిస్తే రెండు గంటలు ఏ మూలకీ చాలవు. మేం ముందుగానే మరో 500 ఒప్పుకుని నాలుగు గంటలు ఆగమన్నాం. ఇది మాట్లాడుకోని ఒక గుజరాతీ కుటుంబం పైన గుర్రం అబ్బాయితో గొడవపడుతూ, స్నానం మానేసి దిగిపోవడం చూశాను.

గుర్రం పేరు బాద్‌షా. అత్తయ్యగారు చీర మీద మా వారి ట్రాక్ ప్యాంటు, దానిపైన స్వెటర్, శాలువా, నెత్తికి మంకీ క్యాప్ వేసుకుని ఎక్కారు. ఎక్కేటప్పుడు ముందుకి వంగాలి, దిగేటప్పుడు వెనక్కి వాలాలి అని ఆ అబ్బాయి హిందీలో చెబుతున్నాడు. ఆవిడ అతని మాట వదిలేసి గుర్రం మెడ నిమురుతూ, "నాయనా, నీకు పుణ్యముంటుంది, నెమ్మదిగా వెళ్ళు" అని తెలుగులో బతిమాలుతున్నారు. పది అడుగుల్లో మలుపు తిరిగి కనపడకుండా పోయారు.

ఇక్కడ మొదలైంది నా టెన్షన్. గుర్రం వేగంగా వెళ్ళిపోతుంది, మనం వెనకపడిపోతాం. మధ్యలో ఫోన్ కలవదు. పైన ఎక్కడ దింపుతారో, ఆవిడ ఎక్కడ కూర్చుంటారో తెలియదు. ఆవిడ మెడలో మా ఫోన్ నంబర్లు, హోటల్ పేరు, బీపీ మాత్ర పేరు రాసిన కార్డు వేశాం, చేతిలో వెయ్యి రూపాయలు చిల్లర పెట్టాం. అయినా దారంతా నా మనసు బాద్‌షా వెనకే పరిగెత్తింది.

దారి సంగతి. మొదటి రెండు కిలోమీటర్లూ ఫరవాలేదు. ఆ తర్వాత లోయ ఇరుకై, రాతి మెట్లూ మలుపులూ నిటారుగా లేస్తాయి. జానకీచట్టి నుంచి గుడి దగ్గరికి ఆరు వందల మీటర్లకి పైగా ఎత్తు ఎక్కాలి, గుడి ఉన్న చోటు 3,293 మీటర్లు. అలసట కన్నా చికాకు పెట్టేది గుర్రాలు. అదే దారిలో నడిచేవాళ్ళు, గుర్రాలు, పాల్కీలు, కండీలు అన్నీ. వెనక నుంచి "సైడ్, సైడ్" అని అరుస్తూ వస్తారు. అప్పుడు ఎప్పుడూ కొండ వైపే జరగాలి, లోయ వైపు కాదు. రెయిలింగ్ ఉంది కదా అని లోయ వైపు నిలబడితే పక్కనుంచి వచ్చే గుర్రం పొట్టకీ రెయిలింగ్‌కీ మధ్య నలిగిపోతాం. రాళ్ళ మీద గుర్రప్పేడ మంచుకి తడిసి జారుడుగా ఉంటుంది. నలభై రూపాయల వెదురు కర్ర ఒకటి కింద కొనుక్కున్నాను, ఆ యాత్ర మొత్తంలో దానంత న్యాయమైన ఖర్చు ఇంకోటి లేదు.

సగం దాటాక భైరవుడి గుడి వస్తుంది. అక్కడ రేకుల కప్పు కింద శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక బస్సు జనం కూర్చుని ఉన్నారు. తమతో వంటవాళ్ళనీ గ్యాస్ పొయ్యినీ తెచ్చుకుని తిరిగే యాత్ర బృందాలు మీరు చూసే ఉంటారు. పొద్దున మూడింటికి కింద వండిన పులిహోర డబ్బాల్లో పట్టుకొచ్చారు. తెలుగు మాట వినపడగానే, "అమ్మా, తిన్నారా?" అని ఒకావిడ అడగడమూ, నా చేతిలో కాగితం ప్లేటు పెట్టడమూ అయిపోయాయి. చల్లారి గట్టిపడిన పులిహోర. ఆ ఎత్తులో ఆ చింతపండు పులుపు నాలికకి తగిలాక కాళ్ళలోకి సత్తువ వచ్చింది. అత్తయ్యగారి గురించి అడిగితే, "మంకీ క్యాప్ పెట్టుకుని గుర్రానికి విష్ణు సహస్రనామం వినిపిస్తున్న పెద్దావిడేనా? ఎప్పుడో పోయారు" అన్నారు. అప్పటికి నా గుండె కాస్త కుదుటపడింది.

మేం పైకి చేరేసరికి పదకొండుంపావు. ఏడింటికి బయల్దేరాం, అంటే నాలుగుంపావు గంటలు. గుర్రాలు గుడికి కాస్త ముందే ఆగిపోతాయి. అక్కడ టీకొట్టులో నిప్పుల కుంపటి పక్కన, ముగ్గురు మరాఠీ ఆడవాళ్ళ మధ్య అత్తయ్యగారు టీ తాగుతూ కనిపించారు. తొమ్మిదిన్నరకే వచ్చేశారట. ఒకరి భాష ఒకరికి రాదు, కానీ మోకాళ్ళ నొప్పి మాత్రల పేర్లు ఇచ్చిపుచ్చుకోవడం పూర్తయింది.

ఆలస్యంగా చేరడం మంచికే అయింది. అది చాలా ఇరుకు లోయ. ఎండ కొండ దాటి గుడి దగ్గరికి దిగేసరికి పది దాటుతుంది. పొద్దున్నే వచ్చి నీడలో స్నానం చేసినవాళ్ళు పెదాలు నీలంగా పెట్టుకుని కుంపట్ల చుట్టూ మూగి ఉన్నారు. మాకు బయటికి రాగానే నిలబడటానికి నాలుగడుగుల ఎండ దొరికింది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు: తెల్లవారకముందే ఎక్కేసి మొదటి స్నానం చేయాలన్న పంతం వద్దు.

ఇక తప్తకుండం. మగవాళ్ళది ఆరుబయట. ఆడవాళ్ళది గోడలు కట్టి కప్పు వేసిన గది, లోపల గుండం. తలుపు దాటగానే ఆవిరికి కళ్ళద్దాలు తెల్లబడిపోయి ఏమీ కనపడలేదు, అద్దాలు తీసి పట్టుకున్నాను. లోపల ముప్పై మంది దాకా ఉన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఆ గోడల మధ్య మాటలు ఘోషలా వినపడుతున్నాయి. నేల తడి రాయి, అంగుళం కూడా పొడిగా లేదు. చెప్పులు బయటే వదలాలి. గుండం వైపు నాలుగడుగులు వేసేసరికి అరికాళ్ళు కొయ్యబారాయి. ఆ కాళ్ళతోనే నీళ్ళలో మొదటి మెట్టు మీద అడుగు పెడితే కాలినట్టు చుర్రుమంది.

నిజానికి అక్కడి నీళ్ళు కాలేంత వేడి కాదు. పైనున్న ఊట నీటికి చన్నీళ్ళు కలిసి, మనిషి దిగగలిగే వేడికి వచ్చాకే ఈ గుండంలోకి చేరతాయి. గడ్డకట్టిన కాళ్ళకే అలా అనిపిస్తుంది. అందుకే ముందు మెట్టు మీద కూర్చుని పాదాలు మాత్రం ముంచండి. రెండు నిమిషాలకి మంట తగ్గుతుంది, అప్పుడు మోకాళ్ళు, అప్పుడు నడుము. అత్తయ్యగారిని అలాగే దింపాను. నడుము లోతు నీళ్ళలో నిలబడి ఆవిడ సంకల్పం చెప్పుకుని మూడు మునకలు వేశారు. మూడో మునకకి లేచి, "అమ్మాయ్, ఈ మోకాలు నాది కాదే" అన్నారు. నొప్పి అంత తేలిపోయిందట. నాకూ అంతే, నాలుగు గంటల నడక పిక్కల్లోంచి జారిపోయింది. ఇంకో అరగంట ఉండమన్నా ఉండేవాళ్ళం.

అయిదు నిమిషాలు కాగానే డాక్టరు మాట గుర్తొచ్చి బయల్దేరదీశాను. ఆవిడ రానంటారు, "ఇంత దూరం వచ్చి అయిదు నిమిషాలేమిటే?" అని. బలవంతాన గట్టు మీద కూర్చోబెట్టాను. కూర్చున్న నిమిషానికే ఆవిడ మొహం పాలిపోయి, కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయన్నారు. తల కిందికి వంచి కూర్చోబెట్టి, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించాను. మూడు నాలుగు నిమిషాల్లో తేరుకున్నారు. అదే ఆ జారుడు రాళ్ళ మీద నడుస్తుండగా వచ్చి ఉంటే ఏమయ్యేదో.

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. ఆరు గజాల నూలు చీర, నీళ్ళు పీల్చి బరువెక్కి కాళ్ళకి చుట్టుకుపోయింది. ఒంటి వేడి నిమిషంలో దిగిపోయి, చీర మంచుగుడ్డలా అయింది. మార్చుకోవడానికి గదిలో ఒక మూల చిన్న అడ్డు ఉంది, దాని ముందు పదిహేను మంది. పొడిబట్టలు పెట్టుకోవడానికి ఎక్కడా గట్టు లేదు, గోడకి ఉన్న మేకులన్నీ నిండిపోయాయి. కింద పెడితే తడిసిపోతాయి. నా ప్లాస్టిక్ సంచి పళ్ళతో పట్టుకుని, ఒక చేత్తో అత్తయ్యగారిని, ఇంకో చేత్తో శాలువాని పట్టుకుని నిలబడ్డాను. అది చూసి ఒక రాజస్థానీ ఆవిడ ఏమీ అడక్కుండా వచ్చి నా చేతిలోంచి శాలువా తీసుకుని అడ్డంగా పట్టింది. రెండో కొస శ్రీకాకుళం బృందంలో ఒకమ్మాయి పట్టుకుంది. వాళ్ళిద్దరి మధ్య అత్తయ్యగారి తడి చీర విప్పి, ఒళ్ళు తుడిచి, నైటీ వేసి, దాని మీద స్వెటర్, దాని మీద పొడి చీర చుట్టేశాను. వేళ్ళు కొంకర్లు పోయి జాకెట్టు హుక్కులు పెట్టడం నా వల్ల కాలేదు. అందుకే నైటీ. తర్వాత ఆ రాజస్థానీ ఆవిడ కూతురికి నేను శాలువా పట్టాను. మొత్తం ఇరవై నిమిషాలు. ఎక్కిన నాలుగు గంటల్లో ఒక్కసారి కూడా నాకు ఏడుపు రాలేదు, ఆ ఇరవై నిమిషాల్లో రెండుసార్లు వచ్చింది.

కాబట్టి ఆడవాళ్ళకి నా సలహా. చీరతో దిగకండి. పల్చటి సింథటిక్ నైటీ గానీ పాత చుడీదార్ గానీ వేసుకోండి, నీళ్ళు పట్టుకోదు, మోయడానికీ బరువుండదు. మార్చుకునేది హుక్కులూ నాడాలూ లేని బట్ట అయ్యుండాలి. మెడకి తగిలించుకునే సంచి ఒకటి ఉంటే చేతులు ఖాళీగా ఉంటాయి. రెండు తువ్వాళ్ళు, ఒకటి ఒంటికి, ఒకటి తలకి. తల తడపకుండా ఉండగలిగితే మరీ మంచిది, మూడు మునకలు కావాల్సిందే అంటే షవర్ క్యాప్ పెట్టుకోండి, దేవుడేమీ అనుకోడు. ఉన్ని సాక్సులు అన్నిటికన్నా ముందు వేసుకోండి. అన్నిటికీ మించి, తోడుగా ఇంకో ఆడమనిషి ఉండాలి. మా వారు బయట ఎండలో నిలబడి, "ఇంకా ఎంతసేపు?" అని కేకలు వేయడం తప్ప ఏం చేయగలరు పాపం! మగవాళ్ళ గుండం దగ్గర ఆయనకి మొత్తం పని పది నిమిషాల్లో అయిపోయింది.

తర్వాత సూర్యకుండం. ఇది స్నానానికి కాదు, చెయ్యి కూడా పెట్టకూడదు. నీళ్ళ వేడి 88 డిగ్రీల దాకా ఉంటుందని చెబుతారు. ఆ ఎత్తులో నీళ్ళు మరిగేదే 89 దగ్గర కాబట్టి దాదాపు మరుగుతున్న నీళ్ళే. కొట్టులో 100 రూపాయల పూజ సామాను కొంటే అందులో పల్చటి గుడ్డలో కట్టిన బియ్యం మూట ఉంటుంది. పూజారి దాని దారం పట్టుకుని గుండంలోకి వదిలాడు. పది నిమిషాల తర్వాత పైకి తీస్తే గుడ్డలోంచి సన్నగా ఆవిరి, మెతుకులు ఉబ్బి ఉన్నాయి. నొక్కి చూస్తే లోపల ఇంకా పలుకు ఉంది. అత్తయ్యగారు నోట్లో నాలుగు మెతుకులు వేసుకుని, "ఇంకో అయిదు నిమిషాలు ఉంచాల్సింది" అని వంటింటి తీర్పు ఇచ్చేశారు. పూజారికి అర్థం కాలేదు, దీవించాడు. ఈ అన్నాన్ని అక్కడ తినేయరు, ఎండబెట్టి ఇంటికి తీసుకెళ్తారు. బంగాళాదుంపలు కూడా ఇలాగే ఉడికిస్తారు.

పక్కనే దివ్యశిల. గుడిలోకి వెళ్ళే ముందు దానికి పూజ చేయాలి. ఎర్రటి బండ, దాని కిందనుంచి వేడినీళ్ళు తన్నుకొస్తుంటాయి. గుడిలో యమునమ్మది నల్లరాతి విగ్రహం. దర్శనానికి వరస ముప్పావుగంట. దక్షిణ ముందే మాట్లాడుకోండి, మాతో 251 అని మొదలుపెట్టి సంకల్పం మధ్యలో 1,100కి వెళ్ళబోయారు. అత్తయ్యగారు కళ్ళు మూసుకునే తల అడ్డంగా ఊపారు, 251 దగ్గరే ఆగింది. స్కానర్ బోర్డులు అన్ని కొట్లలోనూ ఉన్నాయి గానీ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, డబ్బు వెళ్ళిందో లేదో తేలదు. నగదు, అందులోనూ చిల్లర, తప్పనిసరి.

దిగడం రెండున్నరకి మొదలుపెట్టాం. గుర్రం మీద దిగడం ఎక్కడం కన్నా భయం. నిటారు మెట్ల మీద గుర్రం ముందుకాళ్ళు వేసిన ప్రతిసారీ మనిషి లోయలోకి తూలినట్టే ఉంటుంది. మొదటి మలుపులోనే అత్తయ్యగారు, "ఒరేయ్, నన్ను దింపెయ్, నడిచి వస్తాను" అని కొడుకు మీద కేకలేశారు. దింపాం. భైరవుడి గుడి దాకా మా ఇద్దరి భుజాల మీద చేతులేసి, ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి దిగారు. అంత నిటారు దారి అయిపోయాక మళ్ళీ బాద్‌షా ఎక్కారు. గుర్రం అబ్బాయి విసుక్కోకుండా వెంట నడిచాడు, కింద అతనికి మూడు వందలు అదనంగా ఇచ్చాం. జానకీచట్టి చేరేసరికి ఆరున్నర, చీకటి పడింది. వేడినీళ్ళలో తేలిపోయిన మోకాలి నొప్పి దిగేసరికి మొత్తం తిరిగొచ్చింది, కాకపోతే మర్నాడు పొద్దుటికి తగ్గింది.

ఆ రోజు ఒక్కదానికి ముగ్గురికీ కలిపి, గది అద్దె కాకుండా, సుమారు 5,000 ఖర్చయింది. గుర్రం, దాని అదనాలే 3,300. మిగతాది పూజ సామాను, దక్షిణలు, కర్రలు, టీలు, మ్యాగీ, పది రూపాయల చొప్పున మరుగుదొడ్లు. టీ పైకి వెళ్తున్నకొద్దీ పది, ఇరవై, ముప్పై అయింది.

తడిబట్టల మూట ఇంకో తలనొప్పి. నూలు చీర ఆ చలిలో రాత్రంతా ఆరేసినా చెమ్మ పోలేదు. మర్నాడు ఉత్తరకాశీకి వెళ్తూ కారు వెనక సీటు మీద పరిచి, రెండు పక్కలా అద్దాలు కొంచెం దించి ఆరబెట్టుకున్నాం. ఆ దారిలోనే, 2023 నవంబరులో 41 మంది కూలీలు 17 రోజులు చిక్కుకుపోయిన సిల్క్‌యారా సొరంగం ఉంది. డ్రైవర్ చూపించగానే అత్తయ్యగారు చేతులు జోడించి, చీర కొస గాలికి బయటికి ఎగరకుండా మళ్ళీ పట్టుకున్నారు.

2024లో గుడి మూసింది నవంబరు 3న. గుడి మూసే ముందు రోజుల్లో వెళ్ళేవాళ్ళు ఉంటే, చలి మేం చూసినదానికన్నా ఎక్కువే ఉంటుంది. గంగోత్రి కూడా పెట్టుకుంటే మధ్యలో ఉత్తరకాశీలో ఒక పూర్తి రోజు విశ్రాంతి ఉంచుకోండి, పెద్దవాళ్ళ కాళ్ళకి అది కావాలి. గుర్రం, బసల గురించి ఇంకేమైనా కావాలంటే అడగండి. గుండం దగ్గర పళ్ళతో పట్టుకున్న ఆ ప్లాస్టిక్ సంచి ఎక్కడ కొన్నానన్నది మాత్రం అడక్కండి, అది శ్రీకాకుళం ఆవిడ ఇచ్చిన పులిహోర డబ్బా సంచే.